చీకటిలో దీపము పెట్టు ఈగ

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, బాటలు, పన్నులు, పారిశుద్ధ్యము మొదలగు విషయములు ఎన్నియో ఉండగా, పంచాయతీ సభ్యుల యెదుట ఒక ఈగను గూర్చి ప్రసంగించుట ఏల అని మీలో కొందరికి తోచవచ్చును. అదియైనను మన దేశపు ఈగ కాదు. దక్షిణ సముద్రమున, ఆస్ట్రేలియాకు ఆగ్నేయముగా ఉన్న న్యూజీలాండు ద్వీపములది. అయినను దానిని చూచుటకు ప్రపంచము నలుమూలల నుండి జనులు పోవుచున్నారు. దాని మూలమున ఒక చిన్న గ్రామమునకు జీవనము నడచుచున్నది.

ఆ ప్రాణి ఏ జాతికి చెందినది? ఎచ్చట నివసించును? అచ్చటనే ఏల నివసించును? ఈ మూడు ప్రశ్నలను గూర్చి తగినంత శ్రద్ధ వహింపని కాలమున అచ్చట పెద్ద నష్టము కలిగెను. పిదప సమాధానములను తెలిసికొని, వాని ననుసరించి నడచుకొనగా ఆ నష్టము తీరెను. తన పొలిమేరలోని ప్రాణులను ఎరిగియుండుట గ్రామమునకు ఎంత అవసరమో ఈ వృత్తాంతము వలన తేటపడును. కావుననే దీనిని మీ యెదుట ఉంచుచున్నాను.

మిణుగురు వేరు, ఇది వేరు

తొలకరి వానలు కురిసిన పిదప చెట్లమీదను, పొలముగట్లమీదను మినుకు మినుకుమని వెలుగుచు ఆరుచు తిరుగు మిణుగురులను మనమందరము చూచియున్నాము. మిణుగురు ఈగ కాదు. అది పెంకుపురుగుల వర్గమునకు చెందినది. పెంకుపురుగులకు ముందు రెక్కలు గట్టిపడి డొప్పలవలె వీపును కప్పియుండును. కొబ్బరిచెట్ల మొవ్వును తొలుచు కొమ్ముపురుగు, పేడను ఉండలుగా చేసి దొర్లించుకొనిపోవు పేడపురుగు ఈ వర్గములోనివే.

నేను చెప్పబోవు ప్రాణి ఈగలును, దోమలును చేరిన వర్గములోనిది. ఈ వర్గమును శాస్త్రజ్ఞులు డిప్టెరా, అనగా రెండు రెక్కలు గలవి, అని పిలుచుచున్నారు. కీటకములలో చాలవానికి నాలుగు రెక్కలుండగా ఈగలకు రెండే యుండును. వెనుకటి జత చిన్న బొడిపెలుగా మారి, ఎగురునప్పుడు తూకము నిలుపుటకు మాత్రము ఉపయోగపడును.

డిప్టెరా వర్గమున శిలీంధ్రపు ఈగలు అను పెద్ద సమూహము కలదు. కుళ్ళిన ఆకులు, తడిసిన మొద్దులు, బూజు, పుట్టగొడుగులు ఉన్నచోట వీని పిల్లపురుగులు పెరుగుట సాధారణము. పాకలలో పుట్టగొడుగులను పెంచు మన రైతులకు ఈ సమూహములోని కొన్ని నల్లని చిన్న ఈగలతో పరిచయము కలదు. వాని పిల్లపురుగులు పుట్టగొడుగుల కాడలను తొలిచి పంటను పాడుచేయును. ఆ ఈగలకు దూరపు బంధువే న్యూజీలాండులోని వెలుగుపురుగు. ఇంగ్లీషువారు దానిని గ్లోవర్మ్ అనుచున్నారు. ఆ ద్వీపముల మూలవాసులైన మావోరీలు టిటివై అనుచున్నారు. నీటిలో ప్రతిఫలించు దీపములు అని ఆ మాటకు అర్థము చెప్పుదురు. శాస్త్రమున దాని పేరు అరాక్నోకాంపా లూమినోసా.

పేరు స్థిరపడిన విధము

మావోరీలు తరతరములుగా ఎరిగిన ఈ పురుగు 1871లో థేమ్స్ అను ఊరి బంగారు గనిలో దొరికినట్లు తొలి లిఖితాధారము కలదు. ఐరోపాఖండమున వెలుగునిచ్చు పెంకుపురుగు ఒకటి కలదు. ఇదియు దాని చుట్టమే అని మొదట తలచిరి. 1886లో పరిశీలించి చూడగా, ఇది పెంకుపురుగు కాదనియు, ఈగజాతి ప్రాణి యొక్క పిల్లపురుగు అనియు తేలెను. వెల్లింగ్టను నగరపు తపాలా కార్యాలయములో ఉద్యోగము చేయుచు, తీరిక వేళలందు కీటకములను పరిశీలించుచుండిన హడ్సన్ అనునాతడు దీనిని అనేక సంవత్సరములు గమనించి వ్రాసెను. ప్రకృతిని పరిశీలించుటకు పెద్ద పదవి అక్కరలేదు. ఓపిక చాలును అనుటకు ఆయన నిదర్శనము.

సిడ్నీ నగరపు పురావస్తు, ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో పనిచేసిన స్క్యూస్ అను శాస్త్రజ్ఞుడు 1891లో దీనికి బొలిటోఫిలా లూమినోసా అని పేరు పెట్టెను. బొలిటోఫిలా అనగా పుట్టగొడుగులను ప్రేమించునది. సమూహమును చూచి పెట్టిన పేరది. కాని ఈ పురుగు పుట్టగొడుగును ముట్టదు. వలపన్ని ఇతర కీటకములను పట్టి తినును. ఈ భేదమును గుర్తించి, 1924లో లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు చెందిన ఎడ్వర్డ్స్ దీనికొరకు ప్రత్యేకముగా అరాక్నోకాంపా అను ప్రజాతిని ఏర్పరచెను. సాలెపురుగు వంటి గొంగళి అని దాని అర్థము. లూమినోసా అనగా వెలుగునది. మొదట దీనిని మైసెటోఫిలిడే అను విశాలమైన కుటుంబములో ఉంచిరి. నేడు కెరోప్లాటిడే అను కుటుంబములో చేర్చుచున్నారు.

పేరు మారినంతమాత్రమున పురుగు మారునా అని మీరు అడుగవచ్చును. పురుగు మారదు, మన నడవడి మారును. అది పుట్టగొడుగులను తినునదని నమ్మినవాడు దానిని కాపాడవలెనన్నచో బూజుపట్టిన కట్టెలను కాపాడును. అది కీటకములను తినునదని ఎరిగినవాడు ఆ కీటకములు పుట్టి పెరుగు వాగును కాపాడును. ఈ రెండింటిలో రెండవదే దానికి ప్రాణాధారము. వర్గీకరణము పండితుల కాలక్షేపము కాదని దీనివలన గ్రహింపవచ్చును.

వెలుగుతో వేట

ఈ ఈగ జీవితమున నాలుగు దశలు కలవు. తల్లి తడిగల గోడలమీద నూరు లేక అంతకు పైబడిన గ్రుడ్లను పెట్టును. సుమారు మూడు వారములలో గ్రుడ్లు పగిలి పిల్లపురుగులు వెలువడును. అప్పుడు వాని పొడవు 3 నుండి 5 మిల్లీమీటర్లు మాత్రమే. పుట్టిన నాటినుండియే అవి వెలుగును. ఆరు నెలలు మొదలు ఒక సంవత్సరము వరకు ఈ దశలోనే ఉండి, అగ్గిపుల్లంత పొడవునకు ఎదుగును.

పిల్లపురుగు గుహ కప్పునకో, రాతిచూరునకో ఒక సన్నని జిగురు గొట్టమును అమర్చుకొని అందులో పండుకొనును. పట్టుపురుగు నోటినుండి దారము తీసినట్లు ఇదియు దారములు తీసి క్రిందికి వ్రేలాడదీయును. ఒక్కొక్క పురుగు 70 దారముల వరకు కట్టును. దారము పొడవున ముత్యములవలె జిగురు బొట్లుండును. గాలి కదలని గుహలలో ఈ దారములు 30, 40 సెంటీమీటర్ల పొడవుండును. ఆరుబయట గాలి తగులు చోట్ల కొలది సెంటీమీటర్లే యుండును, ఎక్కువైనచో చిక్కుపడిపోవును.

మనకు మూత్రపిండములు చేయు పనిని కీటకములకు సన్నని గొట్టములు చేయును. ఈ పురుగు తోకవైపున ఆ గొట్టముల చివరలు లావై, నీలము ఆకుపచ్చ కలిసిన వెలుగును ఇచ్చును. వాగునీటిలో పుట్టి రెక్కలు వచ్చి పైకెగురు చిన్న కీటకములు ఆ వెలుగునకు ఆశపడి పోయి, జిగురు దారములకు అంటుకొనును. పురుగు దారమును నోటితో పైకి లాగుకొని ఆహారము చేసికొనును.

పిదప అది ప్యూపా దశకు వచ్చి, రెండు వారములలోపున రెక్కల ఈగగా మారును. చూచుటకు పెద్ద దోమవలె నుండును. దానికి తినుటకు తగిన నోరు లేదు. కొన్ని దినములు మాత్రము బ్రతికి, జతకూడి, గ్రుడ్లు పెట్టి మరణించును. జీవితమునకు కావలసిన తిండి యంతయు పిల్లదశలోనే సంపాదించుకొనవలెను. కావున ఆ కొలది నెలలు దానికి తిండి, తేమ, చీకటి తక్కువ కాకుండ ఉండుట అత్యవసరము.

ఎచ్చట ఉండును, ఏల అచ్చటనే ఉండును

అరాక్నోకాంపా లూమినోసా న్యూజీలాండులో తప్ప ప్రపంచమున మరెచ్చటను లేదు. ఆ దేశమున మాత్రము ఉత్తర ద్వీపమునను, దక్షిణ ద్వీపమునను పెక్కుచోట్ల కలదు. గుహలలోనే ఉండుననుట పొరపాటు. అడవులలోని లోతైన కనుమలందు, వాగుల ఒడ్డున నీడగా ఉన్న మట్టిగట్లమీద, పాత గని సొరంగములలో కూడ నివసించును. ఎచ్చట ఉన్నను నాలుగు వసతులు కావలెను: తేమ ఆరని గాలి, దారములను చెదరగొట్టని నిశ్చలత, వ్రేలాడుటకు చూరువంటి చోటు, చిన్న కీటకములను నిరంతరము అందించు నీరు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను ఆ చోట అది నిలువజాలదు.

దక్షిణ ద్వీపమున టె అనావ్ అను సరస్సు కలదు. ఆ పేరునకు సుడులు తిరుగు నీటి గుహ అని అర్థము. గుహ ఎచ్చట ఉన్నదో తరువాతివారు మరచిపోయినను పేరు నిలిచియుండెను. ఆ పేరును, మావోరీల నోట వినవచ్చిన కథలను నమ్మి వెదకగా 1948లో గుహ బయటపడెను. అందును వెలుగుపురుగులు కలవు. పెద్దలు పెట్టిన స్థలనామములు కూడ ప్రకృతిశాస్త్రమునకు ఆధారములే.

ఈ పురుగునకు తోబుట్టువుల వంటి జాతులు ఆస్ట్రేలియాలో కలవు. టాస్మానియా ద్వీపములోని దానిని 1925లో వర్ణించిరి. క్వీన్స్‌లాండు ఆగ్నేయ భాగమున ఒకటి, న్యూసౌత్‌వేల్స్ కొండలలో మరియొకటి వేర్వేరు జాతులని 1966లో హారిసన్ నిర్ణయించెను. 1960లో వైటోమో వెలుగుపురుగులను గూర్చి పరిశోధన ప్రకటించిన రిచర్డ్స్ అను శాస్త్రజ్ఞురాలి పేరిట రెండవదానికి రిచర్డ్సే అని నామకరణము చేసిరి. 2010లో బేకర్ మరి అయిదు జాతులను వర్ణించెను. ఈ విధముగా మొత్తము తొమ్మిది జాతులు లెక్కకు వచ్చినవి. న్యూజీలాండులో ఒకటి, ఆస్ట్రేలియాలో ఎనిమిది.

ఆస్ట్రేలియాలో ఇన్ని జాతులు ఏల ఏర్పడినవి? తడి అడవులు అచ్చట ఒకదానినుండి ఒకటి దూరముగా, నడుమ పొడినేలలతో ఉన్నవి. ఈ ఈగ బాగుగా ఎగురజాలదు. బ్రతుకు కొన్ని దినములే. నడుమనున్న పొడినేలను దాటి పోవుట దానికి దుర్లభము. కావున ఏ అడవిలోనివి ఆ అడవిలోనే ఉండిపోయి, కాలక్రమమున వేరు వేరు జాతులైనవి.

వీనిలో మౌంట్ బఫెలో అను కొండమీది గుహలో నివసించు జాతి ఒకటి కలదు. పైకి చూచినచో తక్కిన వెలుగుపురుగుల వంటిదే. ప్రత్యేక జాతియని తెలియనంతకాలము, ఇచ్చట పోయినను మరొకచోట ఉన్నవి కదా అని ఊరడిల్లవచ్చును. ప్రత్యేక జాతియని తెలిసిన పిదప అట్లు అనుటకు వీలులేదు. ఆ గుహలో నశించినచో లోకములోనే నశించినట్లు. ప్రాణికి సరియైన పేరును, ఉనికికి సరియైన హద్దులును తెలిసినగాని ఏది పోయినచో తిరిగిరాదో తెలియదు.

వైటోమో గుహ వృత్తాంతము

న్యూజీలాండు ఉత్తర ద్వీపమున వైటోమో అను గ్రామము కలదు. మావోరీ భాషలో వై అనగా నీరు, టోమో అనగా నేలలోని బిలము. అది సున్నపురాతి ప్రదేశము. వాననీరు రాతిని కరగించి లోపల గుహలను ఏర్పరచినది. అచ్చటి మావోరీ పెద్ద టానె టినోరావ్ 1887లో ఫ్రెడ్ మేస్ అను ఇంగ్లీషు సర్వేయరుతో కలిసి, నారమొక్కల కాడలతో తెప్ప కట్టి, కొవ్వొత్తుల వెలుగున వాగు వెంట గుహలో ప్రవేశించెను. తల యెత్తి చూడగా కప్పు నిండ నక్షత్రములవలె వెలుగుపురుగులు కనిపించెను. 1889 నాటికి టినోరావ్ గుహను సందర్శకులకు తెరచెను. ఆయనయు, భార్య హూటీయు స్వల్ప రుసుము తీసికొని స్వయముగా జనులకు గుహను చూపుచుండిరి.

1906లో గుహ నిర్వహణమును ప్రభుత్వము తీసికొనెను. సందర్శకులు పెరిగిరి, ఆదాయము పెరిగెను. కాని గుహ అనునది ఇల్లు కాదు. దానికి తనదైన వాతావరణము కలదు. వైటోమో గుహకు పైన ఒకటి, క్రింద ఒకటి ద్వారములు కలవు. బయటి గాలికిని లోపలి గాలికిని చల్లదనములో గల భేదమును బట్టి గుహలో గాలి ఒకప్పుడు పైకి, ఒకప్పుడు క్రిందికి ప్రవహించును. పొడిగాలి ఎక్కువగా చొచ్చినచో దారములు ఎండి పురుగులు చచ్చును. గాలి బొత్తిగా ఆగినచో సందర్శకుల ఊపిరి వలన వేడియు, బొగ్గుపులుసు వాయువును పేరుకొనును. ఆ వాయువు తేమతో కలిసి సున్నపురాతిని తినివేయును.

1970 దశకమున ఈ వరుస చెడెను. 1979 నాటికి గుహలోని వెలుగుపురుగులలో అధిక భాగము వెలుగు మానెను. గుహను కొన్ని నెలలు సందర్శకులకు మూసివేయవలసి వచ్చెను. దీపములు ఆరిన గుహను చూచుటకు ఎవరు పోవుదురు? ఊరి జీవనము ఒక చిన్న పురుగు తేమమీద ఆధారపడియున్నదని అప్పుడు అందరికిని అనుభవమునకు వచ్చెను.

పిమ్మట శాస్త్రజ్ఞులు గుహలోని గాలిని, తేమను, వేడిమిని కొలిచి నియమములను ఏర్పరచిరి. బయటి వాతావరణమును బట్టి పైద్వారమును తెరచుట, మూయుట జరుగుచున్నది. లోపలి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్ళకు 2,400 పాళ్ళను మించరాదని హద్దు పెట్టిరి. పురుగులున్న భాగమున పడవను యంత్రముతో నడుపరు. పైన కట్టిన త్రాటిని చేతితో పట్టి లాగుదురు. అచ్చట మాటలాడరాదు, ఫోటోలు తీయరాదు. గుహలో మాత్రమే కాదు, ఎగువనున్న పొలములలోను జాగ్రత్త తీసికొనిరి. అడవి కొట్టి పచ్చికబీళ్ళు చేసిన వాలులనుండి ఒండ్రు కొట్టుకొనివచ్చి వాగును పూడ్చుచుండెను. వాగు పూడినచో పురుగుల ఆహారమైన కీటకములు తగ్గును. కావున ఒడ్లకు కంచెలు కట్టి, చెట్లు నాటిరి.

1989లో భూమిని, గుహను పూర్వపు యజమానుల వారసులకు తిరిగి ఇచ్చిరి. నేడు ఆదాయములో వారికి భాగము కలదు. నిర్వహణములోను వారి మాట చెల్లుచున్నది. గుహను చూపు ఉద్యోగులలో పలువురు టానె, హూటీల వంశీయులే.

మనము గ్రహింపవలసినది

సభ్యులారా! మన గ్రామములన్నిటను వెలుగుగుహలు లేవు; ఉండవలసిన పనియు లేదు. కాని ప్రతి గ్రామమునకు చెరువు కలదు, వాగు కలదు, బంజరు కలదు, తోపు కలదు. వానిలో ఏ ప్రాణులు, ఏ మొక్కలు ఉన్నవో, ఏది ఎచ్చట మాత్రమే దొరకునో మనలో ఎందరికి తెలియును? వైద్యమునకు వేరు త్రవ్వువారికి, పశువులను కాయువారికి, చేపలు పట్టువారికి తెలియును. ఆ తెలివి వారి నోట ఉన్నది. పంచాయతీ కాగితములలో లేదు. వారు గతించినచో అదియు గతించును.

2002లో పార్లమెంటు చేసిన జీవవైవిధ్య చట్టము ఈ కొరతను తీర్చుటకు మీకు అధికారమును ఇచ్చినది. స్థానిక సంస్థలందు జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. గ్రామస్థులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయుట ఆ కమిటీల ముఖ్యమైన పని. వ్యాపారము కొరకు మీ పరిధిలోని జీవవనరులను సేకరించువారినుండి రుసుము వసూలు చేయు అధికారము కూడ కమిటీకి కలదు. మీ గ్రామమున ఈ రిజిస్టరు ఉన్నదా, ఉన్నచో దానిలో ఏమి వ్రాసియున్నదో రేపే తెప్పించి చదువుడు. ఎవరో దూరమున కూర్చుండి నింపిన కాగితమైనచో, మరల మొదలుపెట్టుడు.

వ్రాయునప్పుడు మూడు సంగతులను మరువకుడు. మొదటిది, ఊరిలో పిలుచు పేరును తప్పక వ్రాయుడు. శాస్త్రనామమును వ్యవసాయాధికారియో, కళాశాల ఉపాధ్యాయుడో చెప్పగలరు. రెండవది, ఆ ప్రాణి ఏ చోట, ఏ నెలలో కనిపించునో వ్రాయుడు. మూడవది, అది దేనిమీద ఆధారపడి బ్రతుకుచున్నదో వ్రాయుడు. ఏ జాతి, ఎచ్చట, ఏల అచ్చట అను మూడు ప్రశ్నలు ఇవియే.

ఇట్లు వ్రాసికొనిన గ్రామము చెరువు పూడిక తీయు కాలమున, తోపు వేలము వేయు కాలమున, రాతిగనికి అనుమతి అడుగ వచ్చినప్పుడు ఏది ఇవ్వవచ్చునో, ఏది ఇవ్వరాదో నిర్ణయించుకొనగలదు. వ్రాసికొనని గ్రామమునకు తాను ఏమి పోగొట్టుకొన్నదో కూడ తెలియదు. ఈ శిబిరము ముగిసి ఇండ్లకు పోయిన పిదప, తదుపరి గ్రామసభ కార్యక్రమములో ఈ రిజిస్టరు విషయమును ఒక అంశముగా చేర్పింపుడని మిమ్ములను కోరుచున్నాను.